పెళ్లి లెక్క ముందే రాసుకోవాలి

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. రెండూ కష్టమైన పనులే. ఇల్లు కడితే ఇల్లు మిగులుతుంది. పెళ్లి చేస్తే ఏం మిగలాలి? ఒక కొత్త కాపురం మిగలాలి. రెండు కుటుంబాల మధ్య మంచి మిగలాలి. చాలా ఇళ్లలో ఇవి మిగులుతున్నాయి. వీటితోపాటు అప్పు కూడా మిగులుతోంది.

పెళ్లి ఒక్క రోజు. అప్పు ఏళ్ల తరబడి. పెళ్లికూతురు అత్తవారింటికి వెళ్లిపోతుంది. వడ్డీ మాత్రం పుట్టింట్లోనే ఉండిపోతుంది.

అలాగని ముచ్చట లేకుండా పెళ్లి చెయ్యాలా? అక్కర్లేదు. ఏది ముఖ్యమో, ఏది కాదో ముందే తేల్చుకుంటే చాలు. తేల్చుకున్నది కాగితం మీద రాసుకోవాలి. మాట గాలికి పోతుంది. రాత నిలుస్తుంది.

ఇది ఎలాగో తెలియడానికి ఒక ఇంట్లో పెళ్లి అనుకుందాం.

ఒక ఇంటి కథ

నెల్లూరు వైపు ఒక పల్లె. ఆ ఇంటికి ఎకరం పొలం ఉంది. రెండు బర్రెలు ఉన్నాయి. తండ్రి సొంత పొలం చూసుకుంటూ కూలికి కూడా పోతాడు. తల్లి పాలు పోస్తుంది. పొదుపు సంఘంలో ఉంది. పెద్దయ్యాక రాత్రిపూట చదువు నేర్చుకుంది. కూతురికి 20 ఏళ్లు. బట్టలు కుడుతుంది. కొడుకు తొమ్మిదో తరగతి.

కూతురికి సంబంధం కుదిరింది. పిల్లవాడికి 24 ఏళ్లు. పక్క మండలంలో ట్రాక్టర్లు బాగు చేస్తాడు. ఇద్దరూ ఒకరికొకరు నచ్చారు. వయసు కూడా సరిపోయింది. అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండకుండా పెళ్లి చెయ్యకూడదు. చేస్తే చట్టం ఒప్పుకోదు.

మర్నాడు పెదనాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"మన ఇంట్లో మొదటి పెళ్లిరా తమ్ముడూ! ఆకాశమంత పందిరి వెయ్యాలి. ఊరంతా చెప్పుకోవాలి" అన్నాడు.

ఏమేం కావాలో నోటితో చెప్పుకుపోయాడు. తల్లి నోటుపుస్తకం తెచ్చుకుంది. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసింది.

బంగారం: 2,00,000
800 మందికి భోజనాలు: 1,20,000
మండపం, స్టేజీ, లైట్లు: 70,000
బట్టలు, పెట్టుపోతలు: 60,000
ఫొటోలు, వీడియో: 40,000
బ్యాండు, డీజే, టపాసులు: 30,000
కార్డులు, బండ్లు, పురోహితుడు, చిల్లర: 30,000

అన్నీ కూడితే 5,50,000 రూపాయలు. మగపెళ్లివాళ్లు మోటారు సైకిలు అడిగారు. అది ఒక లక్ష. మొత్తం 6,50,000.

చేతిలో ఉన్నది ఎంత? పొదుపు, చీటీ డబ్బులు, పాల డబ్బులు కలిపి 1,80,000. సంఘంలో అప్పు 70,000 దాకా ఇస్తారు. రెండూ కలిపితే 2,50,000. ఇంకా 4,00,000 తక్కువ.

"దానికేముంది! రెండు రూపాయల వడ్డీకి తెద్దాం. పొలం పెడితే ఎవరైనా ఇస్తారు" అన్నాడు పెదనాయన.

రెండు రూపాయల వడ్డీ అంటే ఎంత?

"రెండు రూపాయలు" అంటే వినడానికి చిన్న మాట. అది నూటికి, నెలకు రెండు రూపాయలు. లక్షకు నెలకు 2,000. నాలుగు లక్షలకు నెలకు 8,000. సంవత్సరానికి 96,000.

తల్లి ఆ లెక్క రాసింది. నాలుగేళ్లకు ఎంతవుతుందో కూడా రాసింది. 3,84,000 రూపాయలు. అది వడ్డీ మాత్రమే. అసలు 4,00,000 అట్లాగే ఉంటుంది.

"పాల డబ్బులన్నీ ఇచ్చినా వడ్డీ తీరదు. పిల్లోడి చదువు ఏమవుతుంది?" అంది తల్లి.

తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లగా అన్నాడు. "పొలం పోతుంది."

పొలం పోతే ఎవరి పొలం పోతుంది? కొడుకుది ఒక్కడిదే కాదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కూడా సమాన వాటా ఉండాలని 1986లో ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని మార్చింది. 2005లో దేశమంతటా ఈ మార్పు వచ్చింది. ఎకరం అమ్మి కూతురి పెళ్లి చేస్తే, కూతురి వాటా అమ్మి కూతురికి పెళ్లి చేసినట్టే. ఈ సంగతి ఆ రోజు దాకా ఆ ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు.

ముందు ఉన్న డబ్బు, తరవాత ఖర్చు

చాలామంది ముందు ఖర్చు రాస్తారు. తరవాత అప్పు వెతుకుతారు. ఇది తిరగేసి చెయ్యాలి. ముందు చేతిలో ఉన్నది రాయాలి. ఇంటికి దెబ్బ తగలకుండా ఎంత అప్పు తీర్చగలరో రాయాలి. రెండూ కలిపి కింద గీత గియ్యాలి. ఖర్చు ఆ గీత దాటకూడదు.

గీత గీసిన తరవాత ఒక్కొక్క ఖర్చునూ మూడు ప్రశ్నలు అడగాలి.

1. ఇది లేకపోతే పెళ్లి జరగదా?
2. ఇది పెళ్లికూతురికి గానీ, పెళ్లికొడుక్కి గానీ, ఇంట్లో వాళ్లకు గానీ నిజంగా ఇష్టమా?
3. ఇది నలుగురూ ఏమనుకుంటారో అన్న భయంతో చేసేదా?

మొదటి రకం ఖర్చు తప్పదు. రెండో రకం వీలైనంత చెయ్యాలి. మూడో రకాన్ని కొట్టెయ్యాలి.

పెళ్లి జరగడానికి నిజంగా కావలసినవి కొన్నే. పసుపు కుంకుమలు, జీలకర్ర బెల్లం, పుస్తెలు, మట్టెలు, తలంబ్రాలు, కొత్త బట్టలు. ముస్లిముల నిఖాకు ఖాజీ, సాక్షులు కావాలి. వధువుకు ఇచ్చే మెహర్ ఒప్పుకోవాలి. చర్చిలో పెళ్లికి పాస్టరు, సాక్షులు, ప్రమాణం కావాలి. ఏ మతంలోనూ డీజే లేకపోతే పెళ్లి చెల్లదని లేదు.

ఎవరికి ఏది ఇష్టం?

ఆ రాత్రి భోజనాల దగ్గర తల్లి అందరినీ అడిగింది. "మనలో ఒక్కొక్కరికి ఈ పెళ్లిలో ఏది తప్పకుండా ఉండాలి? ఒక్కటి చెప్పండి."

"నాకు సన్నాయి కావాలమ్మా. డీజే వద్దు" అంది కూతురు. "అమ్మమ్మ కమ్మలే పెట్టుకుంటాను. కొత్తవి వద్దు."

"వచ్చినోళ్లు కడుపునిండా తినాల. అదొక్కటే" అన్నాడు తండ్రి.

"నా స్నేహితుల్ని పిలవాలి" అన్నాడు కొడుకు.

"పందిరి మన వాకిట్లోనే వెయ్యాలి. నా పెళ్లి కూడా ఈ వేపచెట్టు కిందే జరిగింది" అంది అవ్వ.

తల్లి అన్నీ రాసింది. ఎవరూ స్టేజీ అడగలేదు. టపాసులు అడగలేదు. రెండు లక్షల బంగారం అడగలేదు. ఇంట్లో ఎవరికీ అక్కర్లేని వాటికే ఎక్కువ అప్పు చెయ్యబోయారు.

ఖర్చు ఎక్కడ తగ్గుతుంది?

అన్నిటికంటే పెద్ద కిటుకు ఒకటుంది. పిలిచేవాళ్ల సంఖ్య తగ్గితే చాలా ఖర్చులు వాటంతట అవే తగ్గుతాయి. భోజనం, కుర్చీలు, పందిరి, నీళ్లు, బండ్లు అన్నీ తగ్గుతాయి. ఒక విస్తరికి 150 రూపాయలు అనుకుంటే 800 మందికి 1,20,000. అదే 300 మందికి 45,000. ఒక్క మార్పుతో 75,000 మిగిలింది.

కిలో బియ్యం వండితే సుమారు 8 మంది తింటారు. 800 మందికి ఒక క్వింటా బియ్యం కావాలి. 300 మందికి 40 కిలోలు చాలు. ఆ 40 కిలోలు సొంత పొలంలో పండినవే.

భోజనంలో 20 రకాలు అక్కర్లేదు. పులిహోర, పప్పు, వంకాయ కూర, సాంబారు, పెరుగు, ఒక పూర్ణం. వేడిగా, రుచిగా ఉంటే ఎవరూ లెక్కపెట్టరు. రకాలు ఎక్కువైతే విస్తట్లో మిగిలి పారేసేదీ ఎక్కువే.

ఖరీదైన కార్డు చదివి పక్కన పడేస్తారు. ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలిస్తే ఎవరూ మరిచిపోరు. దూరం వాళ్లకు కొన్ని కార్డులు వేస్తే చాలు. ఊళ్లో వాళ్లకు తల్లీ, మేనత్తా వెళ్లి బొట్టు పెట్టి చెప్పారు.

బట్టల్లో పెళ్లికూతురి చీర మంచిది కొన్నారు. మిగతా జాకెట్లన్నీ ఆమే కుట్టింది.

వాకిట్లో పందిరి వేసే వీలు లేనివాళ్లు గుడిలో చేసుకోవచ్చు. అన్నవరం కొండ మీద ఏటా ఎన్నో పెళ్లిళ్లు జరుగుతాయి. తిరుమలలో కల్యాణ వేదిక ఉంది. 2016 నుంచి అక్కడ పురోహితుణ్ణి, మంగళవాద్యాన్ని, పసుపు కుంకుమలను దేవస్థానం ఉచితంగా ఏర్పాటు చేస్తూ వచ్చింది. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. నిబంధనలు అడిగి తెలుసుకోవాలి.

ఆ ఇంటివాళ్లు చివరికి రాసుకున్న లెక్క ఇది.

పుస్తెలు, మట్టెలు: 60,000
300 మందికి భోజనాలు: 45,000
బట్టలు, పెట్టుపోతలు: 45,000
పందిరి, కుర్చీలు, లైట్లు: 25,000
పురోహితుడు, పూజ సామాను, పూలు: 13,000
సన్నాయి, డోలు: 12,000
ఫొటోలు: 10,000
కార్డులు, బండ్లు: 10,000
చిల్లర ఖర్చులకు విడిగా: 20,000

మొత్తం 2,40,000 రూపాయలు. సొంత డబ్బు 1,80,000 పోను సంఘంలో తెచ్చేది 60,000. దానికి రూపాయి వడ్డీ. మొదటి నెల వడ్డీ 600. నెలకు 2,500 చొప్పున అసలు కడితే 24 నెలల్లో తీరిపోతుంది. అసలు తగ్గేకొద్దీ వడ్డీ కూడా తగ్గుతుంది.

చివరి వరస చూడండి. చిల్లర ఖర్చులకు విడిగా డబ్బు పెట్టారు. ఎంత బాగా రాసుకున్నా పెళ్లిలో అనుకోని ఖర్చులు వస్తాయి. గ్యాసు బండ అయిపోతుంది. ఒక బండి అదనంగా పిలవాల్సి వస్తుంది. మొత్తంలో పదో వంతు దాకా విడిగా పెట్టుకోవడం మంచిది.

కట్నం మాట

మోటారు సైకిలు సంగతి మిగిలింది. వధువుగానీ, వరుడుగానీ, వాళ్ల పెద్దలుగానీ పెళ్లి కోసం డబ్బో వస్తువో అడిగితే అది కట్నమే. బండి అయినా, ఫ్రిజ్ అయినా, ఆడపడుచు లాంఛనం అయినా పేరు మారితే కట్నం కాకుండా పోదు. కట్నం అడగడం, ఇవ్వడం, తీసుకోవడం నేరమని 1961లోనే చట్టం వచ్చింది. ఇచ్చినా, తీసుకున్నా మామూలుగా 5 ఏళ్లకు తగ్గని జైలు శిక్ష. 15,000 రూపాయలు గానీ, కట్నం విలువ గానీ, ఏది ఎక్కువైతే అది జరిమానా. ఉత్తినే అడిగినా 6 నెలల నుంచి 2 ఏళ్ల దాకా జైలు ఉంది.

ఎవరూ అడగకుండా ఇష్టంగా, శక్తికి తగినట్టు ఇచ్చే కానుకలు వేరు. వాటికి కూడా జాబితా రాసి సంతకాలు పెట్టుకోవాలని 1985లో నిబంధనలు పెట్టారు. ఏ వస్తువు, ఎవరిచ్చారు, విలువ ఎంత అన్నవి రాయాలి. రేపు ఏదైనా ఇబ్బంది వస్తే ఆ కాగితం ఆడపిల్లకు అండ.

తల్లీతండ్రీ మగపెళ్లివారి ఇంటికి వెళ్లారు. సంఘం లీడరును కూడా తోడు తీసుకెళ్లారు. తల్లి ఉన్నమాట చెప్పింది.

"బండి మా వల్ల కాదు వదినా. కొంటే పొలం పోతుంది."

"మేం మా అమ్మాయికి ఇచ్చాం కదా వదినా. అందుకే అడిగాం" అంది పిల్లవాడి తల్లి.

"ఇచ్చారు సరే. ఆ అప్పు తీరిందా?"

పిల్లవాడి తల్లి వెంటనే మాట్లాడలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంకా రెండు లక్షలుంది" అంది.

పిల్లవాడు గడప దగ్గర నిలబడి వింటున్నాడు. "బండి సంగతి వదిలెయ్యండి అత్తా. నా సంపాదనలో వాయిదాలు కట్టి కొనుక్కుంటాను" అన్నాడు.

అన్ని ఇళ్లలోనూ ఇంత తేలిగ్గా తేలదు. కొందరు మొండికేస్తారు. బండి ఇవ్వకపోతే సంబంధం వద్దంటారు. పెళ్లికి ముందే అంత పట్టుబట్టేవాళ్లు పెళ్లి తరవాత ఇంకేం అడుగుతారో ఆలోచించాలి. అలాంటి సంబంధం తప్పిపోతే బాధే. పిల్ల బతుకు కంటే పెద్ద బాధ కాదు.

చదివింపులు రాబడి కాదు

"ఖర్చయితే ఏం? చదివింపులు వస్తాయి కదా!" అంటారు కొందరు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఈ రోజు 500 చదివించిన వాళ్ల ఇంట్లో రేపు పెళ్లి వస్తుంది. అప్పుడు 500 తిరిగి చదివించాలి. ఇంకా కొంచెం కలిపి చదివించాలి. చదివింపులు వడ్డీ లేని బదులు లాంటివి. వాటిని నమ్ముకుని ఖర్చు పెంచుకోకూడదు.

ప్రభుత్వం ఇచ్చే డబ్బు సంగతి కూడా ఇంతే. తెలంగాణలో 2014లో కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాలు మొదలయ్యాయి. మొదట 51,000 ఇచ్చేవారు. 2018లో 1,00,116 రూపాయలు చేశారు. అమ్మాయికి 18 ఏళ్లు నిండి ఉండాలి. ఇలాంటి డబ్బు పెళ్లయిన చాలా రోజులకు చేతికి రావచ్చు. అర్హత ఉంటే తప్పకుండా దరఖాస్తు చేసుకోవాలి. పెళ్లి ఖర్చుకు మాత్రం దాన్ని లెక్కలో కలపకూడదు. వచ్చినప్పుడు కొత్త జంట పేరున బ్యాంకులో వేసుకోవచ్చు.

నలుగురూ ఏమన్నారు?

పెళ్లి వేపచెట్టు కింద జరిగింది. సన్నాయి మోగింది. అనుకున్న 300 మందికి 340 మంది వచ్చారు. చివరి బంతికి వంకాయ కూర చాలలేదు. అప్పటికప్పుడు బంగాళాదుంపలు తెచ్చి వేపుడు చేశారు. చిల్లర ఖర్చులకు పెట్టిన 20,000లో 14,000 అయిపోయాయి. 6,000 మిగిలాయి.

కొందరు మాటలన్నారు. "ఇంతేనా పెళ్లి?" అని ఒకామె చేతులు కడుక్కుంటూ అంది. పెదనాయన రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు. తలంబ్రాల దగ్గర పిల్ల నవ్వు చూసి ఆయనే కళ్లు తుడుచుకున్నాడు. వారం తరవాత ఊళ్లో ఇంకో పెళ్లి వచ్చింది. మాటలు అటు మళ్లాయి. నలుగురి మాట అంతవరకే ఉంటుంది.

ఒక్క ఇల్లు ఖర్చు తగ్గిస్తే "పిసినారి" అంటారు. పది ఇళ్లు తగ్గిస్తే "పద్ధతి" అంటారు. 1992లో ఇదే నెల్లూరు జిల్లాలో దూబగుంట ఆడవాళ్లు సారా వద్దని ఒక్కటిగా నిలబడ్డారు. ఆ మాట రాష్ట్రమంతా పాకింది. పెళ్లి ఖర్చుల సంగతి కూడా సంఘంలో కూర్చుని మాట్లాడుకోవచ్చు. పెట్టుపోతలకు ఒక హద్దు పెట్టుకోవచ్చు. వంటపాత్రలు, షామియానా సంఘం తరఫున కొని ఉంచుకోవచ్చు. ఎవరింట్లో పెళ్లయినా అవే వాడుకోవచ్చు.

పెళ్లయిన తరవాత ఒక పని మిగులుతుంది. పెళ్లిని నమోదు చేయించాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో దీనికి చట్టం చేశారు. బ్యాంకులో, పాస్‌పోర్టుకు, ఆస్తి తగాదాల్లో ఆ కాగితం ఆడవాళ్లకు పెద్ద ఆధారం.

ఆ పెళ్లిలో చదివింపుల బల్ల దగ్గర కూర్చున్నది ఎవరో తెలుసా? పెళ్లికూతురి మేనత్త. ఆమె కూడా పెద్దయ్యాకే చదువు నేర్చుకుంది. ఇంతకు ముందు ఆ పని ఎప్పుడూ మగవాళ్లే చేసేవారు. ఆమె ఒక్కొక్క పేరూ కూడబలుక్కుని రాసింది. రాసింది పైకి చదివి వినిపించింది. కొంచెం ఆలస్యమైంది. ఎవరూ తొందరపెట్టలేదు. రాత్రికి వదినా మరదళ్లిద్దరూ దీపం దగ్గర కూర్చుని లెక్క కూడారు. ఒక్క రూపాయి కూడా తేడా రాలేదు.

ఆలోచించి చెప్పండి

1. మూడు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు తెస్తే సంవత్సరానికి వడ్డీ ఎంత?
2. మీ ఊళ్లో ఈ మధ్య జరిగిన పెళ్లిలో ఏ ఖర్చు "నలుగురి కోసం" చేశారు?
3. చదివింపులను రాబడిగా ఎందుకు లెక్కపెట్టకూడదు?
4. మీ ఇంట్లో పెళ్లి వస్తే మీకు తప్పకుండా ఉండాల్సింది ఏది? ఒక్కటి రాయండి.